ప్రాగ్ యూదుల పాత శ్మశానం: టికెట్ కొని చూడదగ్గదేనా?

చూడదగ్గదే. కాకపోతే ఎలా చూడాలో తెలిసి వెళ్ళాలి. లేదంటే "ఐదారు వందల కొరునాలు పోసి విరిగిన రాళ్ళు చూసొచ్చాం" అనుకుంటూ బయటికొస్తారు. మా బంధువులు అలాగే అనుకుంటూ వచ్చారు. కొరునా అంటే చెక్ దేశం డబ్బు, మన లెక్కలో నాలుగు రూపాయలకు కాస్త అటూ ఇటూ. మనిషికి రెండు వేల పైనే, నలుగురుంటే ఎంతో మీరే చూసుకోండి.

నేను చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం చేస్తాను. మా గెలాక్సీ రాయి విదేశాలకు వెళ్ళాక వంటగది గట్టయినా అవుతుంది, సమాధి రాయయినా అవుతుంది. సమాధులకు వెళ్ళే సరుకుని మా వాళ్ళు 'మాన్యుమెంట్ మెటీరియల్' అంటారు. చచ్చిపోయినవాళ్ళ మీద నిలబెట్టే రాళ్ళతోనే బతుకుతున్నవాణ్ణి కాబట్టి మిగతా టూరిస్టులు చూసేదొకటి, నేను చూసేదొకటి. ఈ రివ్యూలో రాళ్ళ గోల కాస్త ఎక్కువే ఉంటుంది, సర్దుకోండి.

మా అమ్మాయి చెక్ రాజధాని ప్రాగ్‌లోనే ఉద్యోగం చేస్తుంది. మేం వెళ్ళినప్పుడు ఇది చూడాలని నేను పట్టుబట్టాను. మా ఆవిడ మాత్రం "డబ్బులిచ్చి మరీ శ్మశానానికి పోతారా ఎవరైనా? పైగా పండగ నెల" అంది. "నాన్నా, అమ్మని బలవంతం చెయ్యకు" అని అమ్మాయి. చివరికి తలస్నానం చేస్తానన్న షరతు మీద వచ్చింది. తీరా చూస్తే, శ్మశానం నుంచి బయటికొచ్చేటప్పుడు చేతులు కడుక్కోవడం యూదులకూ ఆచారమే. వాళ్ళలో పూజారుల వంశం వాళ్ళు, కోహెన్‌లు, అసలు శ్మశానంలో అడుగే పెట్టరు, మైల అని. ఇది విన్నాక మా ఆవిడకు వాళ్ళ మీద ఒక్కసారిగా గౌరవం పెరిగిపోయింది.

ముందు టికెట్ సంగతి. శ్మశానానికి విడిగా టికెట్ ఉండదు. ప్రాగ్ యూదుల మ్యూజియం వాళ్ళు చుట్టుపక్కల పాత సినగాగ్‌లతో, అంటే యూదుల ప్రార్థనా మందిరాలతో, కలిపి ఒకే టికెట్ అమ్ముతారు. శనివారాలు, యూదుల పండగ రోజులు సెలవు. మనవాళ్ళు వారాంతంలోనే టూర్ పెట్టుకుంటారు కాబట్టి ఇది గుర్తుంచుకోండి, ఆదివారం వెళ్ళండి. మగవాళ్ళు తల మీద ఏదో ఒకటి కప్పుకోవాలి, మామూలు టోపీ చాలు. ఆడియో గైడ్‌కి అదనపు డబ్బులైనా తీసుకోండి. రాళ్ళ మీదున్నదంతా హీబ్రూ. చెప్పేవాళ్ళు లేకపోతే అరగంటలో విసుగొస్తుంది. స్టారొమెస్ట్‌స్కా మెట్రో స్టేషన్‌లో దిగితే నాలుగడుగులు, శిరోకా వీధిలోకి.

లోపలికి దారి పింకాస్ సినగాగ్ మీదుగా ఉంటుంది. ఇది తప్పించుకుని నేరుగా శ్మశానానికి పోదామనుకోకండి. లోపల గోడల నిండా పేర్లే. నాజీలు చంపిన బొహీమియా, మొరావియా (ఇప్పటి చెక్ దేశం) ప్రాంతాల యూదులు దాదాపు 78 వేల మంది పేర్లు, పుట్టిన తేదీ, చివరిగా వాళ్ళ గురించి తెలిసిన తేదీ, ఊళ్ళవారీగా చేత్తో రాశారు. దూరం నుంచి చూస్తే గోడకు రంగేదో వేసినట్టుంటుంది, దగ్గరికెళితే ఒకే ఇంటిపేరు కింద ఏడెనిమిది మంది కనిపిస్తారు. పై అంతస్తులో, టెరెజీన్ అనే నాజీల క్యాంపులో పిల్లలు గీసిన బొమ్మలున్నాయి. ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి ఆ క్యాంపులో దొంగచాటుగా పిల్లలకు బొమ్మలు నేర్పింది. ఆమెనూ, ఆ పిల్లల్లో ఎక్కువమందినీ ఆష్‌విట్జ్‌లో చంపేశారు. బొమ్మలు మాత్రం నాలుగు వేలకు పైగా మిగిలాయి. మా ఆవిడ అక్కడినుంచి చాలాసేపు కదల్లేదు.

ఆ గోడల కథ ఇంకోటుంది, చాలామంది పట్టించుకోరు. మొదట ఆ పేర్లు రాసింది 1950ల్లో, వాత్స్‌లావ్ బొశ్తీక్, యిర్జీ యోన్ అనే ఇద్దరు చిత్రకారులు. 1960లో జనానికి తెరిచారు. భవనం అడుగుభాగం వీధి కంటే పల్లంలో ఉంది, వల్టావా నది దగ్గర్లోనే. నేలలో ఊట, గోడకు చెమ్మ. 1968లో మూసేశారు, చెమ్మ బాగుచేస్తామన్నారు, కమ్యూనిస్టు ప్రభుత్వం ఉన్నన్నాళ్ళూ మళ్ళీ తెరవలేదు. రాసిన పేర్లు పోయాయి. 1992 నుంచి 1996 దాకా మళ్ళీ మొదట్నుంచి అన్నీ రాశారు. 2002 వరదల్లో కింది వరసలు మళ్ళీ తడిశాయి, మళ్ళీ రాశారు. కట్టడాన్ని కాపాడటం అంటే ఒకసారి రిపేరు చేసి రిబ్బన్ కత్తిరించడం అనుకునే మన కాంట్రాక్టర్లని ఒకసారి ఇక్కడికి తీసుకురావాలి.

ఇక శ్మశానం. లోపల అడుగుపెట్టగానే గమనించాల్సింది నేల ఎత్తు. బయట వీధి ఎక్కడో కింద ఉంటుంది, లోపల నేల గుట్టలాగా పైకి లేచి ఉంటుంది. కారణం చోటు లేకపోవడం. యూదులు ఉండాల్సింది వాళ్ళకు కేటాయించిన పేటలోనే, చనిపోయినా అక్కడే. పక్క స్థలాలు కొద్దికొద్దిగా కొని కలుపుకున్నారు, చాల్లేదు. పాత సమాధి తవ్వి తీసేసి కొత్తవాళ్ళని పెట్టడం వాళ్ళ ధర్మశాస్త్రం ప్రకారం కుదరదు. అందుకని పాత సమాధుల మీద మట్టి పోసి, కొత్త పొర లేపి, అందులో పూడ్చారు. కింద రాళ్ళని వదిలేయకుండా పైకి తీసి కొత్త నేల మీద నిలబెట్టారు. అలా పొర మీద పొర. కొన్నిచోట్ల పన్నెండు పొరల దాకా ఉంటాయని చెబుతారు. ఇప్పుడు పైన కనిపించే రాళ్ళు దాదాపు 12 వేలు. కింద ఉన్న మనుషులు అంతకు చాలా రెట్లు ఎక్కువ. అంత చిన్న జాగాలో పన్నెండు వేల రాళ్ళంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మా స్టాక్‌యార్డులో కూడా స్లాబులని అంత దగ్గరగా పెట్టం, లారీ వాడు ఒప్పుకోడు.

ఇక్కడున్న వాటిలో అన్నిటికంటే పాత రాయి 1439 నాటిది, అవిగ్దోర్ కారా అనే రబ్బీది, అంటే యూదుల మతగురువుది. ఆయన కవి కూడా. 1389లో ప్రాగ్ యూదుల మీద జరిగిన ఊచకోతను కళ్ళారా చూసి శోకగీతం రాశాడు. ఆ పాట ఇప్పటికీ ఉంది. శ్మశానంలో కనిపించేది మాత్రం ఆయన రాయికి నకలు. అసలుది లోపల, మైసెల్ సినగాగ్ ప్రదర్శనలో పెట్టారు. నకలు పెట్టడం మోసం అని పక్కనున్న ఒకాయన సణిగాడు. నాకు అలా అనిపించలేదు. అది ఇసుకరాయి. ఇసుకరాయి సంగతి నాకు తెలుసు.

కొంచెం ఆగి చెబుతాను. ఇక్కడ ముఖ్యంగా రెండు రకాల రాళ్ళున్నాయి. పాతవి ఇసుకరాయి, బూడిదరంగు. తర్వాతి కాలంవి స్లివెనెట్స్ అనే దగ్గరూరి క్వారీల గులాబీ, ఎర్ర రంగు మార్బుల్. నిజానికది సున్నపురాయే, పాలిష్ పట్టేదాన్ని మా వ్యాపారంలో మార్బుల్ అనే అంటాం. ఇసుకరాయిలో పొరలుంటాయి. పొర అడ్డంగా పడుకున్నట్టు ఉంచి గోడ కడితే వందల ఏళ్ళు ఉంటుంది. సమాధి రాయిని అలా పెట్టలేం, పలకని నిలబెట్టాలి, పొర నిలువుగా వస్తుంది. వాన నీళ్ళు పైనుంచి పొరల మధ్యలోకి దిగుతాయి. చలికాలం అవి గడ్డకట్టి ఉబ్బుతాయి. ఒకరోజు ముందు పొర పొట్టులా ఊడి పడుతుంది, అక్షరాలన్నీ ఉండేది ఆ పొర మీదే. దారి పక్కనే ఒక రాయి చూశాను. కుడివైపు సగం మీద అక్షరాలు ఉలి నిన్న పెట్టినంత పదునుగా ఉన్నాయి, ఎడమ సగం మొత్తం నున్నగా, ఏమీ లేదు. గోరుతో మీటితే వచ్చేసేంత అంచు మధ్యలో. ఎర్ర మార్బుల్‌కి ఇంకో రోగం. ప్రాగ్‌లో దశాబ్దాలపాటు బొగ్గు కాల్చారు, ఆ పొగలోని గంధకం వాన నీటితో కలిసి సున్నపురాయిని జిప్సంగా మార్చేస్తుంది. పాలిష్ పోయి, నల్ల పెచ్చు కట్టి, రాలిపోతుంది. అందుకే ముఖ్యమైన ఒకటి రెండు రాళ్ళని లోపల పెట్టి నకలు నిలబెట్టడం నా దృష్టిలో సరైన పని.

అన్నిటికంటే నాకు నచ్చింది వాళ్ళు చేయని పని. రాళ్ళు ఒకదాని మీద ఒకటి వాలి, ఒరిగి, భుజాల దాకా మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి. వాటిని తీసి వరసలో నిటారుగా పెట్టి, కాంక్రీటు పోసి, చుట్టూ టైల్స్ వేయలేదు. మన దగ్గరైతే 'సుందరీకరణ' పేరుతో మొదట చేసే పని అదే. నేల కిందున్న పొరల వల్లే రాళ్ళు అలా వంగాయి, వాటిని సరిచేస్తే ఆ కథే చెరిగిపోతుంది.

రాళ్ళ మీద బొమ్మలు చూడటం పిల్లలకు కూడా సరదా. బొటనవేళ్ళు ఆనించి, మిగతా వేళ్ళు రెండేసి చొప్పున విడదీసిన రెండు చేతులుంటే కోహెన్. కూజా, పళ్ళెం ఉంటే లేవీ వంశం, పూజారుల చేతులకు నీళ్ళు పోసేవాళ్ళు. కత్తెర ఉంటే దర్జీ. ద్రాక్షగుత్తి, సింహం, జింక, ఎలుగుబంటి కూడా కనిపిస్తాయి, జంతువు చాలాసార్లు పేరుకు గుర్తు. మా ఆవిడ కూజాలు లెక్కపెట్టింది, నేను కత్తెరలు. ఎవరు గెలిచారో చెప్పను.

పెద్దల సమాధులు నాలుగైదు వెతుక్కుని చూడండి. జనం గుమిగూడే చోటు రబ్బీ లోవ్ సమాధి. మహరాల్ అని పిలుస్తారు, 1609లో పోయాడు. ఆయన మట్టితో గోలెమ్ అనే బొమ్మమనిషిని చేసి ప్రాణం పోశాడని కథ. కథ ఆయన పోయిన చాలా కాలానికి పుట్టింది, మనిషి మాత్రం నిజంగా గొప్ప పండితుడు. భార్య పెర్ల్ కూడా అక్కడే ఉంది, ఇద్దరిదీ ఒకటే ఇల్లులాంటి రాతి సమాధి. దాని మీద జనం గులకరాళ్ళు పెడతారు, చీటీల మీద కోరికలు రాసి రాళ్ళ కింద దోపుతారు. మొర్దెకాయ్ మైసెల్ సమాధి కూడా పెద్దదే, 1601. చక్రవర్తికే అప్పులిచ్చినవాడు, యూదుల పేటలో వీధులకు రాళ్ళు పరిపించినవాడు. దావిద్ గాన్స్ 1613లో పోయాడు, చరిత్రకారుడు, నక్షత్రాల లెక్కలు తెలిసినవాడు, ఖగోళ శాస్త్రవేత్తలు టైకో బ్రాహే, కెప్లర్లతో పరిచయం ఉన్నవాడు. పనితనం చూడాలంటే మాత్రం హెందల్ బషేవి సమాధి దగ్గర ఆగండి. 1628. అన్ని సమాధుల్లోకీ ఆమెదే అందం. చివర్లలో సింహాలు. ఆమె భర్త యాకోబ్ ప్రాగ్ యూదుల్లో ప్రభువు హోదా పొందిన మొదటివాడు. భర్త హోదా పెళ్ళాం సమాధి మీద కనిపిస్తోందని మా ఆవిడ వ్యాఖ్య.

ఇక్కడ పూడ్చడం 1787లో ఆగిపోయింది. ఊరి లోపల శవాలు పూడ్చకూడదని జోసెఫ్ 2 చక్రవర్తి ఆజ్ఞ, ఆరోగ్యం కోసం. అక్కడితో శ్మశానం బతికిపోయిందనుకోకండి. 1890ల నుంచి యూదుల పేట మొత్తాన్ని మురికివాడ అని కూలగొట్టి వెడల్పు రోడ్లు, కొత్త మేడలు కట్టారు. 1903లో శ్మశానంలో ఒక ముక్క ఆ రోడ్లకు పోయింది. అక్కడి ఎముకలని తీసి క్లౌసెన్ సినగాగ్ దగ్గరున్న గుట్టలో పూడ్చారు, పూర్వం పసిపిల్లల్ని పూడ్చిన చోటు అది. ఆ కూల్చివేతలు చూసే 1906లో సాలమన్ హ్యూగో లీబెన్, అగస్ట్ స్టైన్ అనే ఇద్దరు మ్యూజియం మొదలెట్టారు, పడగొడుతున్న సినగాగ్‌ల సామాను కాపాడదామని. నాజీల కాలంలో, 1942లో, చెక్ దేశంలోని ఊరూరా ఉన్న యూదుల పూజా సామగ్రిని ఇక్కడికే చేర్చారు. అవి జాబితా రాసి సర్దింది యూదు ఉద్యోగులే. తర్వాత వాళ్ళలో ఎక్కువమందిని క్యాంపులకు పంపేశారు. 1950లో ప్రభుత్వం మ్యూజియాన్ని తీసుకుంది, 1994లో మళ్ళీ యూదు సంఘం చేతికొచ్చింది. కాబట్టి మనం కట్టే డబ్బు ఆ రాళ్ళ మీద పనిచేసే వాళ్ళకే చేరుతుంది. ఆ లెక్కన నాకు టికెట్ ఎక్కువనిపించలేదు.

బయటికి వచ్చే చోట అంత్యక్రియల సంఘం వాళ్ళ హాలు ఉంది. ఆ సంఘం 1564లో పెట్టింది. 18వ శతాబ్దపు చిత్రాలు వరసగా ఉంటాయి: శవానికి చుట్టే బట్ట కుట్టడం, గొయ్యి తవ్వడం, చివర్లో చేతులు కడుక్కోవడం. శ్మశానం చూశాక పది నిమిషాలు ఇక్కడ గడిపితే అంతా కళ్ళకు కడుతుంది.

ఇబ్బందులు. దారి ఇరుకు, తాళ్ళు కట్టి ఉంటుంది, రాళ్ళ మధ్యలోకి వెళ్ళనివ్వరు. అది మంచిదే, కానీ గుంపుల వెనక పడితే ముందుకూ పోలేం, వెనక్కూ రాలేం. పొద్దున తెరిచేసరికి అక్కడుండండి. వాన పడితే రాళ్ళ దారి జారుతుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు జాగ్రత్త. మొదట చెప్పిన మా బంధువులు ఒక ప్యాకేజీ టూర్‌లో వచ్చారు. ఆ గైడు గోలెమ్ కథ చెప్పి, ఫోటో తీసుకోమని, ఇరవై నిమిషాల్లో బస్సెక్కించాడట. వాళ్ళ నిరుత్సాహం శ్మశానం తప్పు కాదు.

ఇప్పుడు అసలు సలహా. ఇది చూసి ఆగిపోకండి. అదే ఆకుపచ్చ మెట్రో లైన్లో ఎక్కి యిర్జీహొ జ్ పొదెబ్రాద్ స్టేషన్‌లో దిగండి. జిజ్కోవ్ టీవీ టవర్ కనిపిస్తుంది, 216 మీటర్లు, స్తంభాల మీద ముఖాల్లేని పసిపిల్లల బొమ్మలు పాకుతుంటాయి. ఆ టవర్ కిందంతా యూదుల శ్మశానమే. 1680 ప్లేగులో మొదలై, 1787 తర్వాత ఊరికి అదే పెద్ద శ్మశానమై, 1890 దాకా నడిచింది. 1960ల్లో చాలా భాగం మీద మట్టి కప్పి పార్కు చేశారు. 1985లో టవర్ పని మొదలైనప్పుడు ఇంకాస్త తవ్వేశారు. మిగిలింది ఒక మూల ముక్క. గొప్ప పండితుడు ఎజెకీల్ లాండౌ సమాధి అందులోనే బతికింది. రాళ్ళు ఇక్కడ వరసగా, ఖాళీగా ఉంటాయి, తీగలు పాకి ఉంటాయి, జనం ఉండరు.

నా లాంటివాడికి ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైంది ఆ మూలనే ఉంది. 2020లో ప్రాగ్ నడిబొడ్డున వెన్సెస్లాస్ స్క్వేర్‌లో రోడ్డు పని చేస్తుంటే, తీసిన రాళ్ళకు అడుగున హీబ్రూ అక్షరాలు, తేదీలు కనిపించాయి. కమ్యూనిస్టుల కాలంలో యూదుల సమాధి రాళ్ళని ముక్కలు కోసి, పాలిష్ ముఖం నేలవైపు తిప్పి పరిచారు. అన్నేళ్ళు జనం వాటి మీదే నడిచారు. ఊరి పెద్దలు వాటిని యూదు సంఘానికి తిరిగిచ్చారు, 2022లో ఈ జిజ్కోవ్ శ్మశానంలోనే వాటితో ఒక స్మారకం కట్టారు. దగ్గరికెళ్ళి కోత చూశాను. గ్రానైట్‌ని ముక్క కోయడం ఎంత శ్రమో తెలిసినవాణ్ణి. చదవకుండా కోశారని ఎవరైనా అంటే నేను నమ్మను. కోసేవాడికి రాయి రెండు ముఖాలూ కనిపిస్తాయి.

అదే లైన్లో ఇంకో రెండు స్టేషన్లు పోతే జెలివ్‌స్కెహొ, 1890లో తెరిచిన యూదుల కొత్త శ్మశానం. గేటు దగ్గర్నుంచే రచయిత కాఫ్కా సమాధికి బాణం గుర్తులుంటాయి. 1924లో పోయాడు, తల్లిదండ్రులతో ఒకే రాయి కింద ఉన్నాడు. నాజీలు చంపిన ముగ్గురు చెల్లెళ్ళ పేర్లతో అక్కడే ఒక పలక ఉంది. చాలామంది అది చూసి వెనక్కి తిరుగుతారు. లోపలికి నడవండి. నల్ల పాలిష్ గ్రానైట్ రాళ్ళు నూరేళ్ళైనా అద్దంలా ఉన్నాయి. కానీ వాటి మీద ఐవీ తీగ అల్లుకుపోయింది, తెంచేవాళ్ళు లేక. రాయి మీద కింద సగం ఖాళీగా వదిలేసి ఉంటుంది, తర్వాతి తరం పేర్ల కోసం. ఆ పేర్లు పింకాస్ గోడ మీద ఉన్నాయి.

రేటింగ్ అడిగితే: పాత శ్మశానానికి, సినగాగ్‌లకు కలిపి ఐదుకు నాలుగున్నర, ఆ అరా రద్దీకి కోశాను. జిజ్కోవ్‌కి ఐదుకి ఐదు. కాకపోతే అది వారంలో కొన్ని గంటలే తెరుస్తారు, వేళలు ముందే చూసుకుని బయల్దేరండి. మొదటి రోజు పాతది, మర్నాడు మిగతా రెండూ పెట్టుకుంటే హాయి. చిన్నపిల్లలుంటే పింకాస్ పై అంతస్తుకి వెళ్ళే ముందు వాళ్ళకేం చెప్పాలో మీరు ముందే అనుకోండి, అడుగుతారు. వంటగట్టు రాయి గురించి సందేహాలుంటే మాత్రం కామెంట్లలో కాదు, చీమకుర్తి వచ్చి అడగండి.